వేళ్ల కింద ముగ్గురి సేద్యం

కాణిపాకం వినాయకుడి కథ తెలియనివాళ్లు తెలుగునాట తక్కువ. చిత్తూరుకు దగ్గర్లో, బాహుదా ఏటి ఒడ్డున, ఐరాల మండలంలో ఉన్న ఊరది. ఒకప్పుడు అక్కడ ముగ్గురు అన్నదమ్ములు ఉండేవారట. ఒకరికి చూపు లేదు, ఒకరికి మాట రాదు, ఇంకొకరికి చెవులు వినబడవు. ముగ్గురూ కలిసి ఏతంతో బావి నీళ్లు తోడుకుని, ఉన్న కాస్త నేలను సాగు చేసుకునేవారు. ఒక ఏడు బావి ఎండింది. లోతు చేద్దామని దిగితే పార రాయికి తగిలి నెత్తురు చిమ్మింది, స్వామి వెలిశాడు, ముగ్గురి లోపాలూ తీరిపోయాయి. ఊళ్లోవాళ్లు కొట్టిన కొబ్బరికాయల నీళ్లు కాణి నేలంతా పారాయి కాబట్టి కాణిపారకం అన్నారు. అది జనం నోట్లో నలిగి కాణిపాకం అయింది.

భక్తులకు అసలు కథ పార రాయికి తగిలిన చోట మొదలవుతుంది. నాకెప్పుడూ దానికి ముందు సంగతి మీదే ధ్యాస. స్వామి వెలవకముందు కూడా ఆ నేల పండుతూనే ఉంది కదా! చూడలేనివాడు, పలకలేనివాడు, వినలేనివాడు కలిసి ఏతం ఎలా తొక్కారు, మడికి నీళ్లు ఎలా కట్టారు? ఒకరి లోటును ఇంకొకరు ఎలా పూడ్చుకున్నారు?

ఆ చుట్టుపక్కల ఏ శనక్కాయ చేలోకి వెళ్లినా ఈ ప్రశ్నకు జవాబు జానెడు లోతులో ఉంటుంది. పుస్తకాల్లో వేరుశనగ అంటారు, మా వైపు శనక్కాయే. ఆ మొక్క ఎండను పట్టుకుని చక్కెర వండుకోగలదు. కానీ గాలి నిండా ఉన్న నత్రజనిలో ఒక్క అణువును కూడా విడగొట్టుకోలేదు, నిలబడ్డ చోటు నుంచి కదల్లేదు. దాని వేళ్లలో కాపురముండే బాక్టీరియా నత్రజనిని విడగొడుతుంది, కానీ ఆ పనికి కావలసిన చక్కెర దాని దగ్గర లేదు. పైగా కాస్త ప్రాణవాయువు ఎక్కువైతే ఆ పనిముట్టే పాడైపోతుంది. మూడోది ఒక శిలీంధ్రం. వేరు పోలేని సందుల్లోకి దారప్పోగులా పాకిపోయి భాస్వరం మోసుకొస్తుంది. తన ఒంటికి కావలసిన కొవ్వును కూడా తాను తయారు చేసుకోలేదు. ముగ్గురికీ మూడు లోట్లు. కలిస్తే పంట.

ఈ చెట్టాపట్టాలను చూడాలంటే మైక్రోస్కోపు అక్కర్లేదు. విత్తిన నలభై, నలభై అయిదు రోజులకు, పదునున్న రోజు చూసి, ఒక శనక్కాయ మొక్కను పలుగుతో మట్టిగడ్డ సహా లేపండి. చేత్తో పీకితే చూడాల్సినవి సగం నేలలోనే తెగిపోతాయి. బక్కెట్ నీళ్లలో ముంచి మట్టి కరిగేదాకా మెల్లగా ఆడించండి. వేళ్లకు ఆవగింజంత మొదలుకుని జొన్నగింజంత వరకు గుండ్రటి బుడిపెలు కనిపిస్తాయి. అవి ఎక్కడ పడితే అక్కడ ఉండవు. పక్కవేరు తల్లివేరు నుంచి చీలే చంకల్లోనే కూర్చుని ఉంటాయి. ఎందుకో తర్వాత చెబుతాను. ముందు ఒక బుడిపెను గోటితో చిదమండి. లోపల గులాబీ రంగో ఎరుపో ఉంటే బాక్టీరియా పనిలో ఉన్నట్టు. తెల్లగా ఉంటే ఇంకా పని మొదలెట్టలేదు, లేదా అది పని చేసే రకమే కాదు. ఆకుపచ్చగా మారి ఉంటే దాని కాలం తీరిపోయింది.

ఆ ఎరుపు మన నెత్తురు ఎరుపుకు చుట్టమే. బుడిపెలో ఉండే లెగ్‌హిమోగ్లోబిన్ అనే మాంసకృత్తు, మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఒకే కుటుంబానివి. రెండూ ఇనుముతో ప్రాణవాయువును పట్టుకునేవే. మన ఒంట్లో అది ప్రాణవాయువును మోస్తుంది. బుడిపెలో దాన్ని కొలిచి, చుక్కలు చుక్కలుగా వదులుతుంది. బాక్టీరియా ఊపిరి పీల్చుకోవడానికి ప్రాణవాయువు కావాలి, ఎక్కువైతే నత్రజనిని విడగొట్టే ఎంజైము చచ్చిపోతుంది. ఆ చిక్కును తీర్చే కాపలాదారు ఈ ఎర్రటి పదార్థం. అమెరికాలో 2016లో హోటళ్లలో వడ్డించడం మొదలైన ఒక శాకాహార బర్గర్‌కు మాంసం రంగూ రుచీ తెచ్చింది సోయా వేరు బుడిపెల్లోని ఈ పదార్థమే. దాని జన్యువును ఈస్టులో పెట్టి పెద్ద ఎత్తున తయారు చేస్తారు.

టమాటా రైతుకు బుడిపెలంటే గుండె గుభేల్మంటుంది, అది వేరే సంగతి. నులిపురుగులు పట్టినప్పుడు వచ్చే వేరుముడులు అవి. తేడా తెలుసుకోవడం తేలిక. శనక్కాయ బుడిపె వేరుకు అతికించినట్టు ఉంటుంది, గోటితో గీరితే ఊడి వస్తుంది. నులిపురుగు ముడి వేరే ఉబ్బి ఏర్పడింది, వేరు తెగితే తప్ప అది ఊడదు.

ఒక లెక్క చూద్దాం. ఎకరా నేల మీద, అక్కడి నుంచి ఆకాశం దాకా నిలబడి ఉన్న గాలిని తూకం వేస్తే అందులో ముప్పై వేల టన్నులకు పైగా నత్రజని ఉంటుంది. అంగడి నుంచి తెచ్చే 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది సుమారు 21 కిలోలు. నెత్తిన అంత సంపద పెట్టుకుని మొక్క నత్రజని కరువుతో పసుపుబారుతుంది. గాలిలో నత్రజని పరమాణువులు రెండేసి జంటగా, మూడు బంధాలతో బిగుసుకుపోయి ఉండటమే కారణం. ఆ ముడి విప్పడానికి ఫ్యాక్టరీలో 400 నుంచి 500 డిగ్రీల వేడి, గాలి ఒత్తిడికి రెండు వందల రెట్ల దాకా ఒత్తిడి కావాలి. జర్మనీలోని ఒప్పావులో 1913లో మొదలైన ఆ పద్ధతిలోనే ఇవాళ్టికీ ప్రపంచంలో నత్రజని ఎరువు తయారవుతోంది. శనక్కాయ వేరు మీద ఆవగింజంత బుడిపె అదే ముడిని మన ఒంటి వేడికన్నా తక్కువ వేడిలో, మామూలు ఒత్తిడిలో విప్పుతుంది.

అయితే ఉచితంగా కాదు. ఒక్కో నత్రజని జంటను విప్పడానికి కనీసం పదహారు ఏటీపీ అణువులు ఖర్చవుతాయి. జీవకణంలో చెల్లుబాటయ్యే నాణెం ఏటీపీ. ఆ నాణేలన్నీ ఆకు వండిన చక్కెర నుంచి రావాల్సిందే. ఏటీపీ తయారవ్వాలంటే భాస్వరం కావాలి, ఎందుకంటే ఆ పేరులోని చివరి 'పీ' ఫాస్ఫేటే. అంటే ఈ పొత్తులో రెండో కూటస్తుడైన బాక్టీరియా పని చేయాలంటే మూడో కూటస్తుడైన శిలీంధ్రం భాస్వరం తేవాలి. మొక్కకు నత్రజని అందక ఆకు పచ్చబడకపోతే చక్కెర రాదు, చక్కెర లేకపోతే ఆ ఇద్దరూ పస్తే. కాణిపాకం అన్నదమ్ముల ఏతం ఇలాగే నడిచి ఉంటుంది.

ఈ మూడో కూటస్తుడి గురించి మన రైతులకు తెలిసింది తక్కువ. శనక్కాయ రైతుకు శిలీంధ్రం అంటే తిక్క ఆకుమచ్చ, కాండంకుళ్లు, నిల్వలో పట్టే బూజు. అన్నీ శత్రువులే. మిత్రుడు కంటికి కనిపించడు. అతడి పోగుల మందం వెంట్రుకలో పదో వంతు కూడా ఉండదు.

మా నేలలు చాలావరకు ఎర్రనేలలు. ఆ ఎరుపు ఇనుము తుప్పు. ఈ ఇనుము భాస్వరాన్ని పట్టుకుందంటే అంత తేలిగ్గా వదలదు. సూపర్ ఫాస్ఫేట్ చల్లిన ఏడు మొక్క తినేది కొంతే, మిగిలింది నేలకు అతుక్కుపోతుంది. పైగా భాస్వరం నీటితో పాటు పారి వేరు దగ్గరకు రాదు, వేరే దాని దగ్గరకు పోవాలి. వేరు చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్న భాస్వరాన్ని కొద్ది రోజుల్లోనే వేరు తినేస్తుంది. తర్వాత దాని చుట్టూ ఖాళీ కంచం. ఆ ఖాళీని దాటి, సెంటీమీటర్ల దూరం పోయి, సన్నటి మట్టిరేణువుల సందుల్లో దూరి భాస్వరం తెచ్చేవి శిలీంధ్రపు పోగులు. భాస్వరం ఒక్కటే కాదు, జింకునూ తెస్తాయి. చిటికెడు మంచి మట్టిలో ఈ పోగులన్నీ కలిపి కొలిస్తే మీటర్లకు మీటర్లు వస్తాయి.

వేరు కణంలోకి దూరిన తర్వాత ఆ పోగు చిన్న చెట్టులా కొమ్మలు వేస్తుంది. కణం గోడ దాటుతుంది కానీ లోపలి పొరను చింపదు. ఆ పొర కొమ్మ కొమ్మకూ చుట్టుకుని రెండిటి మధ్యా పల్చటి సందు మిగులుతుంది. సంత జరిగేది ఆ సందులో. అటు నుంచి భాస్వరం, ఇటు నుంచి చక్కెర. కొన్ని రోజుల్లో ఆ కొమ్మలు వాడిపోతాయి, మరో కణంలో కొత్తవి మొలుస్తాయి. చక్కెర ఒక్కటే ఇస్తుందని చాలా ఏళ్లు అనుకున్నారు. మొక్క కొవ్వు కూడా వండి పెడుతుందని, ఆ కొవ్వు లేకపోతే శిలీంధ్రం బతకలేదని 2017లో తేలింది. అందుకే దాన్ని సీసాల్లో ఒంటరిగా పెంచడం కుదరదు. 'వ్యామ్' పేరుతో ఎరువుల అంగళ్లలో అమ్మే మిత్ర శిలీంధ్రాన్ని బతికున్న వేళ్ల మీదే పెంచాలి.

ఈ స్నేహం వయసు మనిషి ఊహకు అందదు. స్కాట్లాండులోని రైనీ అనే ఊరి రాళ్లలో సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి మొక్కలు రాయిగా మారి దొరికాయి. వాటికి ఇంకా సరైన వేళ్లే లేవు, కణాల్లో మాత్రం ఈ శిలీంధ్రపు కొమ్మల ఆనవాళ్లున్నాయి. వేరు పుట్టకముందే వేరు చేయాల్సిన పనికి కూటస్తుడు దొరికాడన్నమాట. నేలమీది మొక్కల జాతుల్లో ఎక్కువ భాగం ఇవాళ్టికీ ఈ పొత్తులోనే ఉన్నాయి. మా తోతాపురి మామిడి, టమాటా, చెరకు, కంది, శనక్కాయ, అన్నీ. ఆవాలు, క్యాబేజీ కుటుంబం మాత్రం ఈ పొత్తును తెంచుకుంది.

శిలీంధ్రవేరు అనే అర్థంలో మైకోరైజా అనే మాటను 1885లో పుట్టించినవాడు ఆల్బర్ట్ ఫ్రాంక్ అనే జర్మన్. నేలలో పెరిగే ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగును సాగు చేసే మార్గం చూడమని ప్రష్యా ప్రభుత్వం ఆయనకు పని అప్పగించింది. ట్రఫుల్ సాగు కుదరలేదు గానీ అడవి చెట్ల వేళ్లను శిలీంధ్రం తొడుగులా కప్పి ఉండటం, చెట్లు దాంతో హాయిగా బతకడం ఆయన కంట పడ్డాయి. బూజు చెట్టుకు మేలు చేస్తుందంటే అప్పటి పండితులు చాలామంది నమ్మలేదు. పప్పుజాతి బుడిపెల గుట్టూ అదే కాలంలో, అదే దేశంలో బయటపడింది. హెల్‌రీగెల్, విల్‌ఫార్త్ అనే ఇద్దరు శుద్ధి చేసిన ఇసుకలో బఠాణీ పెంచితే మొక్కలు నత్రజని కరువుతో గిడసబారాయి. అదే ఇసుకలో కాస్త చేనిమట్టి కడిగిన నీళ్లు పోస్తే బుడిపెలు వచ్చి మొక్కలు ఏపుగా లేచాయి. 1886లో బెర్లిన్‌లో ఆ సంగతి చెప్పారు, 1888లో అచ్చువేశారు. అదే 1888లో హాలండులో బైయెరింక్ ఆ బాక్టీరియాను వేరు చేసి చూపించాడు. మన పెద్దలు అంతకు ఎన్నో తరాల ముందే జనుము, పిల్లిపెసర దున్ని, కానుగాకు తొక్కి వరిమడిని బలపరిచారు. కారణం తెలియకపోయినా ఫలితం వాళ్లకు తెలుసు. రెండూ తెలియడం మన వంతు.

ఇప్పుడు చంకల్లో బుడిపెల సంగతికి వద్దాం. నేలలో బాక్టీరియా కోట్లలో ఉంటుంది, అందులో శత్రువులూ ఉంటారు. మిత్రుణ్ణి మొక్క ఎలా గుర్తుపడుతుంది? వేరు ముందుగా కొన్ని రసాయనాలను మట్టిలోకి వదులుతుంది. తగిన బాక్టీరియా వాటిని పసిగట్టి తన వంతు రసాయనంతో బదులు పలుకుతుంది. తాళానికి తాళంచెవి సరిపోతే కణం లోపల కాల్షియం లయగా ఎగసిపడటం మొదలవుతుంది, వేరు తలుపు తీస్తుంది. శిలీంధ్రాన్ని పిలవడానికీ ఇలాంటి పిలుపే ఉంది. దానికి వాడే స్ట్రైగోలాక్టోన్ అనే పదార్థం జొన్న వేళ్ల మీద బతికే పరాన్నజీవి కలుపు విత్తనాలను మొలకెత్తిస్తుందని 1966లోనే తెలుసు. మొక్క తన శత్రువును తానే ఎందుకు పిలుచుకుంటుందో మాత్రం 2005 దాకా అర్థం కాలేదు. అది శిలీంధ్రాన్ని పిలిచే కేక. కలుపుమొక్క ఆ కేకను చాటుగా విని వచ్చేస్తోంది. పెళ్లి పిలుపు విని దొంగ కూడా వచ్చినట్టు.

బఠాణీ, సోయాల్లో బాక్టీరియా వేరు నూగు చివర నుంచి సన్నటి సొరంగం తవ్వుకుంటూ లోపలికి పోతుంది. శనక్కాయది వేరే దారి. పక్కవేరు బయటికి పొడుచుకొచ్చేటప్పుడు తల్లివేరు తొక్క చీలుతుంది కదా, ఆ చీలిక గుండా బాక్టీరియా నేరుగా దూరుతుంది. అందుకే శనక్కాయలో బుడిపె ఎప్పుడూ చంకలోనే. జీవశాస్త్రజ్ఞులు ఇది పాతకాలపు దారి అంటారు. పాతదైతేనేం, గుమ్మం తెరిచి ఉన్నప్పుడు సొరంగం ఎందుకు?

ఇంకో విశేషం. శనక్కాయ మనది కాదు, దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పంట. మరి ఇక్కడి మట్టిలో దానికి మిత్రుడు ఎలా దొరికాడు? అలసంద, కంది, పెసర వేళ్లలో ఉండే బ్రాడీరైజోబియం కుటుంబపు బాక్టీరియాతో శనక్కాయకూ పొసగుతుంది. మన నేలల్లో ఆ పంటలు వేల ఏళ్లుగా ఉన్నాయి. కొత్త కోడలు వచ్చేసరికి ఇంట్లో చుట్టాలు సిద్ధంగా ఉన్నారు.

ఈ చుట్టరికంలోనే ఒక చిక్కుంది. నేలలో ముందే ఉన్న బాక్టీరియా గుమ్మం దగ్గర కాచుకుని ఉంటుంది. అది ఎక్కువ నత్రజని ఇచ్చే రకమే కానక్కర్లేదు, ముందు దూరే రకమైతే చాలు. మనం రైజోబియం కల్చర్ పేరుతో ప్యాకెట్టులో తెచ్చిన మంచి రకం వెనకబడిపోతుంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ పంటల పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1980ల ప్రాంతంలో దీని మీద ఏళ్ల తరబడి తలలు బద్దలు కొట్టుకున్నారు. వాళ్ల దగ్గర 'ఎన్‌సీ 92' అనే ఒక రకం బాక్టీరియా మంచి పేరు తెచ్చుకుంది. అది బాగా కుదిరిన శనక్కాయ రకం రోబట్ 33-1. రాయలసీమ రైతులకు అది కదిరి 3గా తెలుసు. ఒక విత్తన రకానికి, ఒక బాక్టీరియా రకానికి ఇలా జోడీ కుదరడం ఒక పాఠమైతే, ఒకచోట పనిచేసిన జోడీ మరో చోట చేయకపోవడం ఇంకో పాఠం. రైజోబియం కల్చర్ వాడితే దిగుబడి ఇంత శాతం పెరుగుతుందని ఎవరైనా ఒకే అంకె చెబితే నేను నమ్మను. బుడిపెలే సరిగా రాని నేలలో, చాలా ఏళ్లుగా పప్పుజాతి పంట ఎరగని కొత్త నేలలో దానివల్ల లాభం ఎక్కువ. ఏటా శనక్కాయ వేసే చేలో తేడా కంటికి ఆనకపోవచ్చు. ప్యాకెట్టు ఖర్చు తక్కువ కాబట్టి వేసుకుంటే పోయేదేమీ లేదు. అద్భుతం మాత్రం ఆశించకూడదు.

అదే ఇక్రిశాట్‌లో బుడిపెలు అసలే రాని శనక్కాయ మొక్కలు కూడా బయటపడ్డాయి. ఎరువు లేని మడిలో మామూలు మొక్కల పక్కన వీటిని పెడితే తేడా దూరం నుంచే తెలుస్తుంది. ఇటు ముదురు పచ్చ, అటు పాలిపోయిన పసుపు. గాలి నుంచి ఎంత నత్రజని వస్తోందో కొలవడానికి ఈ బుడిపెలు లేని మొక్కలే త్రాసు రాళ్లయ్యాయి.

ఈ ఇచ్చిపుచ్చుకోవడాలను చూసి ప్రకృతి ప్రేమమయం అని కొందరు మురిసిపోతారు. అడవిలో చెట్లన్నీ శిలీంధ్రపు ఇంటర్నెట్‌తో కబుర్లు చెప్పుకుంటాయనే కథ ప్రపంచమంతా పాకింది. ఆ కథలో చాలా భాగానికి అడవిలో చేసిన ప్రయోగాల దన్ను లేదని 2023లో శాస్త్రవేత్తలే గట్టిగా అన్నారు. నేల కింద జరిగేది ప్రేమకన్నా పద్దుకు దగ్గర. కాలిఫోర్నియాలో 2003లో టోబీ కీర్స్, ఆమె సహచరులు సోయా వేళ్ల చుట్టూ నత్రజని తీసేసి, ఆర్గాన్, ప్రాణవాయువు కలిపిన గాలి పెట్టారు. బాక్టీరియా పనికి సిద్ధమే, చేయడానికి పనే లేదు. అద్దె కట్టని ఆ బుడిపెలకు మొక్క ప్రాణవాయువు సరఫరా తగ్గించింది, లోపలి బాక్టీరియా సంతానం బాగా పడిపోయింది. 2011లో శిలీంధ్రాల మీదా ఇలాంటి ప్రయోగమే చేశారు. ఎక్కువ భాస్వరం ఇచ్చే శిలీంధ్రానికి మొక్క ఎక్కువ చక్కెర పంపింది. శిలీంధ్రం కూడా ఎక్కువ చక్కెర ఇచ్చే వేరుకే ఎక్కువ భాస్వరం చేరవేసింది. వారానికి (పంటలో పాలుకు) ఇచ్చిన చేను పండకపోతే మరుసటి ఏడు మన రైతు ఏం చేస్తాడో ఇదీ అంతే.

ఈ పద్దు సంగతి అర్థమైతే యూరియా ఏం చేస్తుందో కూడా అర్థమవుతుంది. నేలలో నత్రజని సిద్ధంగా దొరుకుతుంటే మొక్క బుడిపెలకు చక్కెర తగలేయదు. కొత్త బుడిపెలు రానివ్వదు, ఉన్నవాటిని ముసలివి కానిస్తుంది. భాస్వరం దండిగా పోస్తే శిలీంధ్రాన్నీ అలాగే దూరం పెడుతుంది. విత్తిన మొదటి మూడు నాలుగు వారాలు బుడిపెలు సంపాదన మొదలెట్టేదాకా మొక్కకు కాస్త నత్రజని చేబదులుగా కావాలి. దుక్కిలో వేసే కొద్దిపాటి ఎరువు అందుకే. ఊడలు దిగే దశలో ఆకు కాస్త లేతబడిందని ఎవరైనా యూరియా చల్లితే మాత్రం పనిలో ఉన్న కూలీలను గెనిమ మీద కూర్చోబెట్టి కూలి ఇచ్చినట్టు. ఆ దశలో శనక్కాయకు కావాల్సింది కాల్షియం, గంధకం. అందుకే ఎకరాకు 200 కిలోల జిప్సం ఊడలు దిగేచోట వేయమంటారు. నేల లోపలి కాయ కాల్షియాన్ని వేరు నుంచి తీసుకోదు, తన తొక్క గుండా నేరుగా మట్టి నుంచే లాక్కుంటుంది.

వానకూ ఈ పొత్తులో వాటా ఉంది. బెట్ట వచ్చినప్పుడు మొక్క వాడకముందే బుడిపె పని ఆపేస్తుంది. మా జిల్లాకు నైరుతి, ఈశాన్యం రెండూ వానలిస్తాయి, రెంటి మధ్యా నమ్మకం తక్కువ. జూలైలో పడి ఆగస్టులో మొహం చాటేసిన ఏడు, ఆకు పచ్చగా ఉందని మనం ఊరట పడతాం. అప్పటికే నేల కింద సగం బుడిపెలు ఎండిపోయి ఉంటాయి.

పప్పుజాతి పంట వేస్తే నేల బలపడుతుందని పాఠ్యపుస్తకాలు చెబుతాయి. నిజమే, ఒక షరతుతో. శనక్కాయను మనం వేళ్లతో సహా పీకుతాం. కాయ నూనెమిల్లుకు పోతుంది, కట్టె పశువుల కొట్టానికి పోతుంది. కట్టె మంచి మేత అయ్యిందే అందులో నత్రజని ఉండబట్టి. కాయా పోయి, కట్టే పోయి, వేళ్లలో చాలా భాగమూ పోయాక గాలి నుంచి దించుకున్న నత్రజనిలో నేలకు మిగిలేది స్వల్పం. ఒకప్పుడు ఆ కట్టె పేడగా మారి దిబ్బ నుంచి చేనికి తిరిగొచ్చేది. కొట్టాలు ఖాళీ అయిన ఊళ్లలో కట్టెను ట్రాక్టర్లకెత్తి అమ్ముతున్నారు. లెక్క చేను దాటిపోతోంది. శనక్కాయలో కంది, అనప, అలసంద సాళ్లు వేసే మా పాత అలవాటుకు ఇక్కడ విలువ ఉంది. కంది వేరు లోతుకు దిగుతుంది, ఆకు రాల్చి పోతుంది. అనప సంగతి చెప్పక్కర్లేదు. పితికిపప్పు పులుసు తిన్నవాడికి అది నేలకు చేసే మేలు గురించి ఉపన్యాసం అవసరమా?

ఆంధ్రప్రదేశ్‌లో ఈ నేలకింది లోకం గురించి మాటలు పెరిగింది 2016 తర్వాత. రైతు సాధికార సంస్థ ద్వారా ప్రభుత్వం ప్రకృతి వ్యవసాయాన్ని ఊరూరికీ తీసుకెళ్లింది. 2024లో ఈ కార్యక్రమానికి పోర్చుగల్‌లోని గుల్బెంకియన్ ఫౌండేషన్ మానవాళి పురస్కారం ఇచ్చింది. నేల శాస్త్రవేత్త రత్తన్ లాల్‌తో, ఈజిప్టులోని సెకెం సంస్థతో కలిపి పది లక్షల యూరోల బహుమతి అది. మరోపక్క జాతీయ వ్యవసాయ శాస్త్రాల అకాడమీ 2019లోనే ఈ పద్ధతిని దేశమంతా రుద్దడానికి తగిన రుజువులు లేవంది. రెండు మాటలూ విన్న రైతు తికమకపడటంలో తప్పేముంది?

జీవామృతాన్నే తీసుకోండి. 200 లీటర్ల నీళ్లు, పది కిలోల పేడ, మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టుమట్టి. ఎకరాకు ఇంతే. ఇందులోని నత్రజనిని గ్రాముల్లో లెక్కపెట్టొచ్చు, కాబట్టి ఇది ఎరువు అనే వాదన నిలవదు. డ్రమ్ములో పొంగే సూక్ష్మజీవుల్లో నేలలో దిగాక ఎన్ని నిలదొక్కుకుంటాయో, పైన చెప్పిన గుమ్మం దగ్గరి పోటీ గుర్తుంటే మీరే ఊహించగలరు. నా ఉద్దేశంలో ఆ కార్యక్రమంలో శాస్త్రానికి బాగా నిలబడే భాగం డ్రమ్ములో లేదు, చేనిలో ఉంది. ఏడాది పొడవునా నేలను పచ్చగా ఉంచడం, వానలకు ముందే నవధాన్యాలు చల్లడం. బతికున్న వేరు లేకపోతే శిలీంధ్రానికి కొవ్వు పెట్టేవాడు లేడు. నెలల తరబడి బోసిగా ఎండిన నేలలో పోగుల సంఖ్య పడిపోతుందని, తర్వాతి పంట భాస్వరానికి, జింకుకు మొహం వాచిపోతుందని ఆస్ట్రేలియా బీడు నేలల్లో స్పష్టంగా చూశారు. నవధాన్యాలు చేసేది నేలకింది కూటస్తులకు వేసవి భత్యం ఇవ్వడమే.

మొక్క సూక్ష్మజీవులను వేరు కణాల్లోకి లాక్కుని, వాటి పైపొరలు కరిగించి పోషకాలు పిండుకుని, మిగిలినవాటిని వేరు నూగుల చివర నుంచి మళ్లీ మట్టిలోకి వదులుతుందని 2018లో అమెరికాలోని రట్‌గర్స్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ వైట్ బృందం రాసింది. పశువును మేతకు తోలి, పాలు పిండుకుని, మళ్లీ మేతకు తోలినట్టు. ఊహ అందంగా ఉంది. పొలంలో మొక్క ఆకలి దీనివల్ల ఎంత తీరుతుందో వేర్వేరు ప్రయోగశాలలు కొలిచి తేల్చాలి. అప్పటిదాకా దీని పేరు చెప్పి సీసాలు అమ్మేవాళ్ల దగ్గర జాగ్రత్త.

చెరకు సంగతి చెప్పకుండా చిత్తూరు వ్యాసం ముగిస్తే బెల్లం మండీవాళ్లు ఒప్పుకోరు. చెరకుకు బుడిపెలు రావు. అయినా బ్రెజిల్‌లో కొన్ని తోటలు తక్కువ నత్రజనితో ఏళ్ల తరబడి పండుతుంటే యోహానా డోబెరైనర్ అనే శాస్త్రవేత్తకు అనుమానం వచ్చింది. చెరకు గడ లోపలే కాపురముంటూ నత్రజనిని విడగొట్టే ఒక బాక్టీరియాను ఆమె బృందం 1988లో ప్రకటించింది. నూటికి పదిపాళ్లు చక్కెర కలిపిన నీళ్లలో కూడా అది హాయిగా పెరుగుతుంది. ఎవరి ఇంటి తీపి వాళ్లకు అలవాటు.

ఆ తీపి శనక్కాయకూ పనికొస్తుంది. రైజోబియం పొడి విత్తనానికి అంటుకోవాలంటే జిగురు కావాలి, ఆ జిగురు మా గానుగల దగ్గర దొరికే బెల్లమే. వంద మిల్లీలీటర్ల నీళ్లలో పది గ్రాముల బెల్లం వేసి పది నిమిషాలు మరిగించి, పూర్తిగా చల్లార్చండి. వేడి మీద పొడి కలిపితే బాక్టీరియా అక్కడే చస్తుంది. శిలీంధ్రనాశిని పట్టించేది ఉంటే అది ముందు, ఆరాక ఆఖరున కల్చర్. శనక్కాయ పొర పల్చన కాబట్టి గట్టిగా రుద్దకుండా కలిపి, నీడలో ఆరబెట్టి, అదే రోజు విత్తుకోండి. ప్యాకెట్టు కొనేటప్పుడు దాని మీది గడువు తేదీ చూడండి. అంగడి ముందు ఎండలో పెట్టిన ప్యాకెట్టయితే గడువు ఉన్నా వద్దనండి.